పొయ్యి మార్చే ముందు ఇంటి కప్పు చూడండి

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మాది గుమ్మఘట్ట దగ్గర పల్లె. చవుడు మిద్దె కురుస్తోందని పడగొట్టి పోయినేడు స్లాబు ఇల్లు కట్టుకున్నాం. గ్యాస్ ఉన్నా రాగి ముద్దకు, స్నానాల నీళ్లకు కట్టెల పొయ్యే వాడతాను. పాత ఇంట్లో లేనంత పొగ కొత్త ఇంట్లో కమ్ముకుంటోంది. పొయ్యి రెండు చోట్ల బీటలిచ్చింది కూడా. ఈసారి సిమెంటుతో కట్టించుకుంటే పొగ తగ్గుతుందా అమ్మా?
- ఒక గృహిణి

జవాబు: తగ్గదు తల్లీ. మీ పొయ్యికి ఏ రోగమూ లేదు. రోగం మీ ఇంటి కప్పుకు ఉంది.

రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు నుంచి ఇదే బాధతో ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. మీ పాత మిద్దెలో పొయ్యికి నేరుగా పైన గవాచి ఉండేది కదా? వాన పడితే దాని మీదికి బండ జరిపేవాళ్లు, వెలిస్తే తీసేవాళ్లు. పొద్దున పొయ్యి ముట్టించగానే, గవాచిలోంచి దిగే ఎండలో పొగ సుడులు తిరుగుతూ పైకి ఎక్కిపోయేది. స్లాబు పోసే మేస్త్రీకి అది కురిసే బొక్కలా కనిపించింది. ఇంటివాళ్లకూ అలాగే కనిపించింది. మిద్దెతో పాటు గవాచి పోయింది, పొయ్యి మాత్రం మిగిలింది. మీ ఇంట్లో జరిగింది ఇదే.

మా ఇంటి సంగతి చెబుతాను. నా చిన్నప్పుడు ఊళ్లో పొగరాని పొయ్యిలు వేస్తుంటే మా ఇంట్లోనూ ఒకటి వేయించారు. గొట్టం పెట్టిన మనిషి దాన్ని మిద్దె మీద జానెడు మాత్రమే లేపి వెళ్లిపోయాడు. ఎదురుగాలి కొడితే పొగంతా వంటింట్లోకే తిరిగొచ్చేది. ఒక వానకు గొట్టంలోంచి నీళ్లు కారాయని మా నాయన దాని మీద బండ పెట్టాడు. వాన మర్నాటికే వెలిసింది. ఆ బండ తొమ్మిదేళ్లు అక్కడే ఉంది. అమ్మ ఊదుగొట్టం ఊదీ ఊదీ, కొంగుతో కళ్లొత్తుకుంటూ ముద్ద గెలికేది. యాభై నిండకుండానే నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. ఇంట్లో ఏడుగురం ఉన్నాం. మిద్దె ఎక్కి ఆ బండ తీయాలని ఒక్కరికీ తోచలేదు. అందుకే పొయ్యి గురించి ఎవరు రాసినా నేను ముందు కప్పు గురించే అడుగుతాను.

పొగకు దారి చూపాలన్న ఆలోచన మన తెలుగు నేల మీద కొత్తది కాదు. హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనాలయంలో పనిచేసిన ఎస్.పి. రాజు ఒకే మంట మీద రెండు మూడు గిన్నెలు కాగేలా, చివర గొట్టంలోంచి పొగ బయటికి పోయేలా మట్టి పొయ్యి తయారుచేసి, దాని మీద 1953లో ఇంగ్లీషులో పుస్తకమే వేశారు. మీ ఊరి అవతలి సరిహద్దు దాటితే కర్ణాటక. అక్కడ బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థవాళ్లు 1980ల్లో ‘అస్త్ర ఒలె’ అనే మూడు గిన్నెల పొయ్యి తెచ్చారు. 1980ల్లోనే మొదలై 2002 దాకా నడిచిన కేంద్ర పథకం కింద దేశమంతటా కోట్ల పొయ్యిలు వేశారు. వీటన్నిటికీ ప్రాణం గొట్టమే. గొట్టం మూసుకుపోయిన ప్రతి ఇంట్లో ఎంత మంచి పొయ్యి అయినా మామూలు పొయ్యే అయింది.

ఇక మీరు చేయాల్సింది. సిమెంటు వద్దు. అది మంటకు ఓర్వదు, కాగుతూ చల్లారుతూ పొడిపొడిగా రాలుతుంది. పుట్టమన్నులో పేడ, ఊక కలిపి రెండు రోజులు నానబెట్టి, బాగా తొక్కి ఆ మన్నుతోనే పొయ్యి వేసుకోండి. నీడలో ఆరనివ్వండి, ఎండలో పెడితే ముట్టించక ముందే బీటలిస్తుంది. పాత పొయ్యిని ఉంచుకోదలిస్తే బీటను కొద్దిగా గీకి, తడిపి, అదే మన్ను కూరి అలకండి. పొయ్యి నోరు కట్టె పట్టేంత చాలు. అడుగున చిన్న ఇనుప జల్లెడ వేస్తే కింది నుంచి గాలి ఆడి మంట నిలబడుతుంది, ఊదే పని తగ్గుతుంది.

ఆ తర్వాత గొట్టం. నాలుగంగుళాల గొట్టం, వంపులు లేకుండా నేరుగా, స్లాబు దాటి కనీసం మూడడుగులు పైకి పోవాలి. వేడి పొగ తేలిక కాబట్టి గొట్టం ఎంత ఎత్తుంటే అంత బాగా గుంజుతుంది. పైన రేకు టోపీ పెట్టించండి, టోపీకీ గొట్టానికీ మధ్య జానెడు సందు ఉంచండి. నెలకోసారి పొడవాటి కర్రకు గోనెపట్టా చుట్టి మసి దులపండి. స్లాబుకు బొక్క కొడితే కురుస్తుందని మేస్త్రీ అంటాడు. గొట్టం చుట్టూ సిమెంటు కట్ట కట్టిస్తే చుక్క దిగదు. అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్ది రోజుల వానకు భయపడి ఏడాది పొడుగునా పొగ మింగుతారా?

అదీ కుదరకపోతే పొయ్యిని ఇంట్లోంచి తీసి వసారాలో పెట్టండి. తలుపులు, కిటికీలు తెరిచినా మూల గదిలో పొగ చావదు.

ప్రశ్న: దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తున్నాయి. ఐదుగురికి అవి చాలడం లేదు. మిగతాది కట్టెల మీదే. ఏది గ్యాస్ మీద, ఏది కట్టెల మీద పెట్టుకోవాలి?
- ఒక కూలి మహిళ, భైరవానితిప్ప

జవాబు: మంచి ప్రశ్న అడిగారు అక్కా. 1999లో దీపం మొదలైనప్పుడు కనెక్షన్ ఇవ్వడమే పెద్ద సంగతి. 2024 నవంబరులో మొదలైన దీపం-2లో నాలుగు నెలలకొకటి చొప్పున సిలిండరే ఇస్తున్నారు. సిలిండరులో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. మూడు కలిపితే 42.6 కిలోలు, అంటే రోజుకు 117 గ్రాములు. ఐదుగురికి రెండు పూటల వంట మొత్తం దానిమీద కాదు.

ఇంటి లోపల వండేదంతా గ్యాస్ మీద, బయట చేయగలిగింది కట్టెల మీద అని గీత గీసుకోండి. స్నానాల నీళ్లు గ్యాస్ మీద పెట్టనే పెట్టకండి, సిలిండరును ఇట్టే మింగేస్తాయి. నడుమ గొట్టముండే రాగి బాయిలరు గానీ మామూలు కాగు గానీ పెరట్లో పెట్టి కంది కట్టెతో కాచుకోండి. కట్టె, శెనక్కాయ పొట్టు తడవకుండా దాచుకోండి. తడిసిన కట్టె మంటలో కొంత తన నీళ్లు ఆవిరి చేయడానికే వాడుకుని, పొగ ఎక్కువ చేస్తుంది. పప్పు, బేడలు రాత్రే నానబెట్టండి, కుక్కరు పొంగు రాగానే మంట తగ్గించండి.

ముద్ద గురించి మీరు అడగలేదు గానీ అడిగేవాళ్లు చాలామంది. గ్యాస్ స్టవ్ మీద గెలికితే స్టవ్వే కదులుతుంది, గిన్నె జారితే కాళ్ల మీద పడుతుంది. పిండి ఉడికాక గిన్నెను నేల మీదికి దించి, కదలకుండా పట్టుకుని తెడ్డుతో గెలకండి. ముద్ద అలాగే కుదురుతుంది.

ప్రశ్న: కట్టెల పొయ్యి మీద చేసిన ముద్దకే రుచి అని మా మామగారు గ్యాస్ వద్దంటున్నారు. ఏం చెప్పాలి?

జవాబు: రుచి నిజమే. ఆయనను ఒక్క పూట పొయ్యి ముందు కూర్చుని ఊదమని అడగండి.

ప్రశ్న: గ్యాస్ మంట పసుప్పచ్చగా వస్తోంది. గిన్నెల అడుగులు నల్లబడుతున్నాయి. స్టవ్ కొని ఆరేళ్లే. మార్చేయమని షాపతను అంటున్నాడు.
- ఒక టైలరు, రాయదుర్గం

జవాబు: మార్చకండి తమ్ముడూ. మంట నీలంగా ఉండాలి. పసుపు వచ్చిందంటే గ్యాస్‌కు గాలి సరిగ్గా కలవడం లేదని అర్థం. బర్నర్లు తీసి వేడి సబ్బునీళ్లలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, కన్నాలు ఒక్కొక్కటే పిన్నీసుతో పొడిచి, పూర్తిగా ఆరాకే బిగించండి. తడితో బిగిస్తే మంట ఇంకా చెడుతుంది. కింద గొట్టం దగ్గర గాలి పోయే సందులో సాలెగూడు, నూనె జిడ్డు చేరుతుంది, అదీ తుడవండి. గ్యాస్ వచ్చే చిన్న ఇత్తడి జెట్ జోలికి మాత్రం పోవద్దు. దాని కన్నం వెడల్పయితే మంట ఎప్పటికీ సరికాదు. నాబ్ తిరగకుండా పట్టేస్తున్నా, కట్టేసినా వాసన వస్తున్నా ఏజెన్సీ మెకానిక్‌ను పిలవండి. బర్నరు పైమూత తుప్పు పట్టి పలచబడితే అదొక్కటే కొనుక్కోండి. స్టవ్ ఎప్పుడూ సిలిండరు కంటే ఎత్తున ఉండాలి. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, కారితే నేల పట్టుకుని పాకుతుంది. నేల మీద ఇంకో పొయ్యి మండుతున్న ఇంట్లో సిలిండరును దాని పక్కన పెట్టడం చూశాను. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ప్రశ్న: చలికాలంలో పిల్లల స్నానాలకు బాత్‌రూములో గ్యాస్ గీజరు పెట్టించాం. వేడి బయటికి పోకుండా కిటికీ కూడా మూసేశాం. బాగా పనిచేస్తోంది. మా తోడికోడలు భయపడుతోంది, నిజంగా ప్రమాదమా?

జవాబు: మీ తోడికోడలు మీ పిల్లల ప్రాణాలు కాపాడుతోంది. ఈరోజు నుంచే ఆ గీజరు కట్టేయండి. మూసిన చిన్న గదిలో గ్యాస్ మండితే గదిలోని ఆక్సిజన్ తగ్గి, మంట సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. దగ్గు రాదు, కళ్లు మండవు. తల తిరిగినట్టుండి కాళ్లు పట్టు తప్పుతాయి, గడియ తీసే శక్తి కూడా ఉండదు. మన దేశంలో ఏటా చలికాలంలో ఇలా మనుషులు పోతూనే ఉన్నారు. గీజరు గోడ బయట, గాలాడే చోట పెట్టించి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి తెచ్చుకోండి. కిటికీ తెరిచే ఉంచండి.

ప్రశ్న: రెండు ఎనుములు, ఒక ఆవు ఉన్నాయి. గోబర్ గ్యాస్ పెట్టిస్తే సిలిండరు బాధ తప్పుతుందని మా అన్న అంటున్నాడు. మా బోరులో నీళ్లు తక్కువ.

జవాబు: రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు దాదాపు 50 కిలోల పేడ, అన్నే లీటర్ల నీళ్లు కావాలి. మీ పశువులు మేతకు పోయి బీడులో వేసే పేడ ఇంటికి రాదు. మీకు ఒక ఘనపు మీటరుది సరిపోతుంది. దానికి ఇందులో సగం చాలు. పశువుల కుడితి, గంజులం కలిపితే కొత్త నీళ్లు తగ్గుతాయి. సబ్బునీళ్లు మాత్రం పోయవద్దు, గ్యాస్ పుట్టించే సూక్ష్మజీవులు చస్తాయి. కరువొచ్చి పశువులు అమ్మాల్సివస్తే ప్లాంటు పడుకుంటుంది. కాబట్టి సిలిండరు కనెక్షన్ వదులుకోకండి. బయటికొచ్చే మడ్డి శెనక్కాయ చేనుకు మంచి ఎరువు.

ప్రశ్న: గుమ్మఘట్ట నుంచి అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. ఇక్కడ ఇంటి కింది గదిలో ఫర్నేసు అనే గ్యాస్ పొయ్యి ఇల్లంతటికీ వేడిగాలి పంపుతుంది. అది పద్దెనిమిదేళ్లదట. మెకానిక్ కొత్తది పెట్టాలంటున్నాడు. ఖర్చు ఎక్కువని అబ్బాయి వచ్చే ఏడు చూద్దామంటున్నాడు. నాకూ కోడలికీ పొద్దున్నే తలనొప్పి, బయటికి పోతే తగ్గుతుంది. చలికి అలవాటు లేకేమో?

జవాబు: అమ్మా, చలి సంగతి పక్కన పెట్టండి. ఇంట్లో ఉంటే తలనొప్పి, బయటికి పోతే తగ్గడం కార్బన్ మోనాక్సైడ్ గుర్తు. ఈ మాట చదవగానే అందరూ బయటికి వచ్చి అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయమని అబ్బాయికి చెప్పండి. వాళ్లు వచ్చి కొలిచాకే లోపలికి పోండి. ఆ విషవాయువును పసిగట్టే అలారం ప్రతి అంతస్తులో, పడక గదుల దగ్గర ఉండాలి. ఆ అలారానికీ కాలం తీరుతుంది, వెనక తేదీ ఉంటుంది.

ఫర్నేసు పదిహేను, ఇరవై ఏళ్లు నడుస్తుంది. మంటకూ ఇంటి గాలికీ మధ్య ఒక ఇనుప గోడ ఉంటుంది. అది పగిలితే మంటలోని విషం వేడిగాలిలో కలుస్తుంది. పగిలిందని మెకానిక్ అంటే ఫొటో తీసి చూపించమనండి, ఇంకొకరితోనూ చూపించుకోండి. నిజమైతే బేరం లేదు, మార్చాల్సిందే. ఫ్యాన్ మోటారో, మంటను గుర్తించే కడ్డీకి మసి పట్టడమో అయితే మరమ్మతు చాలు. మీ ఇంట్లో పొయ్యి అలికినట్టే దానికీ సేవ ఉంది: ఒకటి నుంచి మూడు నెలలకోసారి ఫిల్టర్ మార్చడం, చలికాలం రాకముందే మెకానిక్‌తో ఒకసారి చూపించడం, బయటి గోడకున్న పొగ పైపును మంచు కప్పేయకుండా చూడడం. మీ అబ్బాయికి మీ పాత మిద్దె గవాచి గుర్తుంటే ఆ పైపు ఎందుకో వెంటనే అర్థమవుతుంది.

ప్రశ్న: గ్యాస్ ట్యూబు చూడ్డానికి బాగానే ఉంది. ఏడేళ్లయింది. మార్చాలా?

జవాబు: ఈరోజే మార్చండి. దాని ఆయుష్షు ఐదేళ్లు. ఇది చదువుతున్నవాళ్లంతా కూడా ఇప్పుడే లేచి, సిలిండరు దగ్గర కూర్చుని, ట్యూబు మీద అచ్చువేసిన సంవత్సరం చదవండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు తాకకుండా రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తీసి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి.