వెలుపలి గోడల రంగు చెడుట, దాని మరమ్మతు

ఇంటి వెలుపలి గోడకు వేసిన రంగు పొక్కులెత్తి రాలినప్పుడు గృహస్థుడు రంగును నిందించును. లేదా రంగు వేసినవానిని నిందించును. పెక్కు పర్యాయములు దోషము గోడలోని చెమ్మది. కావున ముందు కారణమును తెలిసికొనవలయును.

అందులకు సులభమైన పరీక్ష యొకటి కలదు. జానెడు ప్లాస్టిక్ కాగితమును గోడకానించి, నాలుగంచులను అంటుపట్టీతో గాలి చొరకుండ బిగించి, ఒక దినము విడువవలెను. విప్పిచూడగా గోడవైపున నీటి బిందువులున్నచో గోడ తడిగా నున్నదన్నమాట. అట్టి గోడపై ఎంత వెలగల రంగైనను నిలువదు. చూరు కారుచున్నదో, గొట్టము పగిలినదో మొదట వెదకి బాగుచేయింపవలెను.

కొన్ని గోడలపై తెల్లని పొడి పూచును. ఇటుకలలోను సిమెంటులోను గల లవణములు నీటిలో కరిగి పైకివచ్చి, నీరావిరికాగా మిగిలినవే యివి. కడిగినచో మరల కరిగి లోనికింకును గనుక పొడి కుంచెతో దులుపుటయే మేలు.

మన పాత యిండ్ల విషయము వేరు. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి గట్టిపడును. అయినను గోడలోని చెమ్మను వెలికి పోనిచ్చును. ఏటేట వేసిన వెల్ల పొరలుపొరలై వదులుగా నుండును. అరచేతితో రుద్దిన పొడి యంటును. దానిపై నేరుగా ఎమల్షను వేసినచో అది గోడను గాక వెల్లనే పట్టుకొని, దానితోకూడ పెచ్చులుగా ఊడిపోవును. వదులు పొరలను గీకి, కడిగి, ఆరనిచ్చి, ప్రైమరు పూసిన పిదపనే రంగు వేయవలెను. మట్టితోను సున్నముతోను కట్టిన గోడలకు మరల సున్నమే తగునని నా యభిప్రాయము, వ్యయమును తక్కువే.

పాచిని బ్లీచింగు పొడి కలిపిన నీటితో తోమవచ్చును. అందులో ఆమ్లమును కలుపరాదు. విషమగు క్లోరిను వాయువు పుట్టును.

తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసినది పాత తలుపుల, కిటికీల చమురు రంగు. గృహోపయోగపు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నిబంధన మన దేశమున 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు మునుపటి రంగులలో అధికముగా నుండవచ్చును. ఆ ధూళి పసిపిల్లల మెదడునకు హాని చేయును. కావున పొడి ఉప్పుకాగితముతో రుద్దక, కాల్చక, నీటితో తడిపి రుద్ది, రాలినదానిని తడిగుడ్డతో తుడిచి తీసివేయవలెను. పని ముగియువరకు పిల్లలను దరిచేరనీయరాదు.

సంక్రాంతికి ముందు రంగులు వేయించువారు ఉదయపు మంచు గోడపై ఆరినపిమ్మటనే కుంచె పట్టింపవలెను.