ఉడుము - దాని దేహమందలి పురుగులు

గట్టి పట్టునకు మన భాషలో 'ఉడుము పట్టు' అని పేరు. తెలుగున ఉడుము, తమిళమున ఉడుంబు, కన్నడమున ఉడ. మాట ఇంచుమించు ఒక్కటియే. ఇరుగుపొరుగు భాషలవారితో తరతరములుగా కలిసి బ్రదుకుచున్న మనకు ఈ జంతువును గూర్చిన నమ్మకములును ఉమ్మడియే. ఉడుము నెత్తురును, పచ్చి మాంసమును పుచ్చుకొన్నచో ఉబ్బసము, నడుమునొప్పి నయమగునని పలుచోట్ల చెప్పుకొందురు. ఈ నమ్మకమెంతటి అపాయకరమో తల్లిదండ్రులకు విన్నవింపదలచితిమి.

బల్లి, తొండ, ఉడుము మున్నగు జంతువులలో పురుగులుండుట సాధారణము. ఉడుము జీర్ణాశయమున 'టాంక్వా' అను ఒక జాతి పురుగు తరచుగా కానవచ్చును. ఇట్టివి పెక్కు తమ ఆశ్రయమునకు పెద్ద కీడు చేయక బ్రదుకును. పిల్లలకు నులిపురుగులు పట్టినపుడు ఇంటి బల్లిని నిందించువారు కలరు. అది సరికాదు. బల్లి ప్రేగులలోని సన్నని పురుగులు వేరు. పిల్లల నులిపురుగులు వేరు. ఇవి మనుష్యుని నుండి మనుష్యునికే సోకును.

మనము భయపడవలసిన పురుగు మరియొకటి కలదు. దానిని 1935లో చైనాలోని కాంటన్ నగరపు ఎలుకలయందు కనుగొని వర్ణించిరి. సుమారు 2, 3 సెంటీమీటర్ల పొడవుగల యీ పురుగు ఎలుక ఊపిరితిత్తుల రక్తనాళములలో నివసించును. దాని పిల్లలు ఎలుక మలముతో వెలువడి నత్తలలో ప్రవేశించి పెరుగును. ఆ నత్తలను తిన్న ఎలుకలో మరల పెద్దవగును. నత్తలను ఉడుము తిన్నచో, ఆ పిల్లపురుగులు పెరుగకయే, చావకయే దాని మాంసమున దాగియుండును.

ఆ మాంసమును పచ్చిగా తిన్న మనుష్యుని గతి యేమి? పిల్లపురుగులు ప్రేగుల నుండి నెత్తుటిలో జొచ్చి మెదడు చేరును. సాధారణముగా ఒకటి మొదలు మూడు వారములలో తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకొనుట, వాంతులు కలుగును. మెదడు పొరలు వాచును. కొందరికి ప్రాణాపాయమును కలుగవచ్చును. 2006లో కేరళ నుండి వెలువడిన వైద్యనివేదికయందలి రోగులలో కొందరు ఉడుము మాంసము తిన్నవారే. రోగము మాన్పునని తిన్నదే రోగమును తెచ్చినది.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. ఎవరెంత నమ్మబలికినను ఉడుము నెత్తురును, మాంసమును పిల్లలకు పెట్టవలదు. ఉబ్బసమునకు వైద్యుని ఆశ్రయింపుడు. నత్తలతో ఆడుకొన్న పిల్లలచేత చేతులు సబ్బుతో కడిగింపుడు. ఆకుకూరలలో చిన్న నత్తలు దాగియుండును గాన వానిని ఆకు ఆకుగా విప్పి శుభ్రపరచి, బాగుగా ఉడికింపుడు. ఉడుమును చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరమని కూడ పిల్లలకు తెలుపుడు.

పెద్దల మాటలలో మేలైనవి అనేకములు కలవు. వానిని నిలుపుకొందము. ప్రాణము తీయు మాటను మాత్రము విడిచిపెట్టుదము. ఆ విషయమున ఉడుము పట్టు తగదు.