ఆయిల్ కదిలినప్పుడే చూడు

విజయవాడ ఆటోనగర్‌లో పొక్లెయిన్లు, వరికోత మిషన్లు, టిప్పర్ల హైడ్రాలిక్స్ బాగుచేస్తూ బతికినవాణ్ణి. ఇప్పుడు చేయి నిలవడం లేదు కనుక పానా పక్కన పెట్టి మాటలు చెబుతున్నాను. వీటిలో సగం పుస్తకాల్లోనూ దొరుకుతాయి. ఆ పుస్తకాలు నేను చాలా ఆలస్యంగా తెరిచాను, అంతే.

1. పంపు ఇచ్చేది ఫ్లో, ప్రెజరు కాదు.

పంపు పని ఆయిల్‌ను తోయడం వరకే. ఎదురు నిలిచేది ఏదైనా ఉన్నప్పుడే ప్రెజరు పుడుతుంది. ఖాళీ బకెట్ గాల్లో ఆడుతుంటే గేజి ముల్లు కిందే తచ్చాడుతుంది. అదే బకెట్ పళ్లు రాతికి పట్టుకుంటే 300 బార్ దాటుతుంది. ఇది వంటబట్టని రోజుల్లో, మిషను నెమ్మదించిందని ఎవరొచ్చినా రిలీఫ్ వాల్వు స్క్రూ బిగించేవాణ్ణి. స్పీడు తగ్గితే ఫ్లో వెతకాలి, బలం తగ్గితే ప్రెజరు వెతకాలి. రిలీఫ్ బిగిస్తే సీళ్లూ గొట్టాలూ ముందే పోతాయి తప్ప స్పీడు రాదు.

2. నిలిచిన ఆయిల్ నష్టాన్ని దాచేస్తుంది.

నన్ను ఇప్పటికీ బాధించేది ఈ పాఠమే, నాయనా. ఒకాయన తన ఒక్కగానొక్క పొక్లెయిన్ తెచ్చాడు. ఫైనాన్సు మీద కొన్నది. బూము లేవడానికి సతాయిస్తోంది, దిగడం మాత్రం బాగానే ఉంది. పంపు దగ్గర ఒక గేజి, సిలిండరు దగ్గర ఒక గేజి పెట్టాను. బూమును చివరిదాకా లేపి, లీవరు వదలకుండా పట్టుకుని చూశాను. రెండు ముళ్లూ ఒకే అంకె మీద నిలిచాయి. మధ్యలో నష్టమేమీ లేదు, కాబట్టి పంపే అలిసిపోయిందని తేల్చేశాను. పంపు మార్పించాను. బూము మునుపటిలాగే లేచింది.

ద్రవంలో ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ సూత్రం స్కూల్లోనే చదివాను. అయితే అది నిలకడగా ఉన్న ద్రవానికి చెప్పిన మాట. సిలిండరు చివరికి చేరాక గొట్టంలో ఆయిల్ కదలదు. కదలని చోట రాపిడి లేదు, రాపిడి లేని చోట నష్టమూ లేదు. గొట్టం ముప్పాతిక మూసుకుపోయి ఉన్నా రెండు గేజిలూ ఒకే మాట చెబుతాయి. బూము లేస్తూ ఉండగా చూసి ఉంటే అప్పుడే తెలిసిపోయేది. తరువాత అలా చూస్తే తేడా 60 బార్ తేలింది. గొట్టం కోయిస్తే లోపలి రబ్బరు పొర ఊడి వేలాడుతోంది. పైకి పోయే ఆయిల్‌కు అది అడ్డుపడుతోంది, తిరిగొచ్చే ఆయిల్‌కు దారిస్తోంది. ప్రెజరు పెరిగేకొద్దీ పంపు ఫ్లో తగ్గించుకునే రకం మిషను అది. ఆ 60 బార్ అదనపు భారానికే బూము నెమ్మదించింది. గొట్టం బయటికి కొత్తదానిలాగే ఉంది. ఆయన దగ్గర మజూరీ తీసుకోలేదు కానీ పంపు ఖర్చు ఆయనే మోశాడు. ఆ డబ్బు తిరిగివ్వాలన్న ఆలోచన నాకు అప్పట్లో రాలేదు.

కదిలేటప్పుడు కొలవమన్నానని గొట్టాల వెంట చేయి పెట్టి తడమకు. సన్నని చిల్లులోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, వేలు తీసేయాల్సి వస్తుంది. అట్టముక్క వాడు.

3. గొట్టం కొంచెం సన్నమైతే నష్టం కొంచెం పెరగదు.

సన్నని గొట్టాల్లో ద్రవాలు ఎలా పారతాయో 1840 ప్రాంతంలో తేల్చిన పాయిజుయీ ఫ్రెంచి డాక్టరు. ఆయన ధ్యాసంతా రక్తం మీద. ఆయన లెక్క ప్రకారం, నెమ్మదిగా వరుసగా పారే ద్రవానికి గొట్టం వ్యాసం సగమైతే నష్టం 16 రెట్లు. ప్రవాహం సుడులు తిరగడం మొదలైతే ఇంకా ఎక్కువ. నిమిషానికి 100 లీటర్లు ముప్పావు అంగుళం గొట్టంలో సెకనుకు దాదాపు 6 మీటర్ల వేగంతో పోతాయి. ప్రెజరు లైనుకు అదే ఎక్కువ. అర అంగుళం గొట్టం వేస్తే వేగం 13 మీటర్లు, నష్టం ఐదు రెట్లకు పైమాటే. షాపులో సైజు లేదని అడాప్టరు పెట్టి సన్నది బిగించిన పనులు నావీ ఉన్నాయి.

4. పోయిన ప్రెజరు వేడిగా కూర్చుంటుంది.

బార్‌ను నిమిషపు లీటర్లతో గుణించి 600తో భాగించు, కిలోవాట్లు వస్తాయి. 150 లీటర్ల ఫ్లోలో 20 బార్ వృథా అయితే 5 కిలోవాట్లు. ఇంట్లో గీజర్లు రెండున్నర ఆపకుండా ట్యాంకులో పెట్టినట్టు. మే నెలలో పల్నాడు క్వారీలో ఆ వేడి ఎక్కడికి పోతుంది? నేను పెద్ద కూలర్లు బిగించి డబ్బు తీసుకున్నాను, వేడి పుట్టే చోటు వెతకలేదు. వేడెక్కిన ఆయిల్ పలచబడి గొట్టాల్లో సులువుగానే పోతుంది, కానీ పంపులోనూ వాల్వుల్లోనూ సందుల్లోంచి కారిపోతుంది. ఆ సందు రెండింతలైతే కారుడు ఎనిమిదింతలు. మధ్యాహ్నానికి మిషను నీరసించిపోతోందని డ్రైవరు చెబితే విసుక్కోకు.

5. తిరుగుదారికీ లెక్క ఉంది.

రాడ్డు వైపు వైశాల్యం రెండోవైపుకు సగమనుకో. రాడ్డు లోపలికి లాగడానికి 100 లీటర్లు పంపితే అటునుంచి 200 బయటికి వస్తాయి. ఆ దారిలో 10 బార్ అడ్డు ఉంటే పంపు వైపు 20 బార్ అదనంగా కావాలి. రిటర్న్ గొట్టం పంపు సైజు చూసి కాదు, ఆ 200 చూసి వేయాలి.

6. సక్షన్‌లో పోగొట్టుకోవడానికి ఏమీ లేదు.

మామూలు ట్యాంకుల్లో ఆయిల్‌ను పంపు నోటికి చేర్చేది బయటి గాలి ఒత్తిడే. అదంతా కలిపి ఒక బార్. స్ట్రైనర్ మూసుకున్నా, గొట్టం పొడవైనా, పొద్దున్నే ఆయిల్ చిక్కగా ఉన్నా ఆ ఒక్క బార్‌లోంచే ఖర్చు. అది చాలకపోతే ఆయిల్‌లో కరిగి ఉన్న గాలి బుడగలై బయటపడుతుంది. బుడగలు పంపులో చితికి లోహాన్ని కొరుకుతాయి, పంపు గరగరమంటుంది. వరికోత మిషన్లలో దుమ్మూ పొట్టూ పట్టి ట్యాంకు బ్రీదర్ మూసుకుపోవడం ఎన్నోసార్లు చూశాను. లోపలికి గాలి రాదు, పంపు పీల్చలేదు. పంపు విప్పే ముందు ట్యాంకు మూత కాస్త వదులు చేసి విను. మోత తగ్గితే బ్రీదర్ మారిస్తే చాలు. ప్రెజరు పట్టి ఉంచే ట్యాంకులు కొన్ని మిషన్లకు ఉంటాయి. వాటికి ఈ పరీక్ష పనికిరాదు. ఇంజను ఆపి, ట్యాంకులో ప్రెజరు పూర్తిగా దించాకే మూత ముట్టుకో.