కటిక చీకటి, అబ్జెక్ట్ పావర్టీ

చిరంజీవి అమ్మడుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో పెద్దమ్మ కూడా చూసింది. హాస్టల్ గది గోడ నిండా పసుపు చీటీలు. చీటీకో ఇంగ్లీషు మాట, దాని కింద తెలుగు అర్థం. రోజుకి యాభై బట్టీ పడుతున్నావు, వారం తిరిగేసరికి సగం జారిపోతున్నాయి, జీఆర్ఈ చూస్తే దగ్గరపడుతోంది. నీ కంగారు తెలుస్తూనే ఉంది. కానీ తప్పు నీ జ్ఞాపకశక్తిది కాదు తల్లీ, ఆ చీటీలది.

ముందు పరీక్ష సంగతే చూడు. 2011 ఆగస్టుకి ముందు జీఆర్ఈలో ఒక మాట విడిగా ఇచ్చి, దానికి వ్యతిరేకార్థం ఏరమనేవారు. చీటీల చదువు అప్పుడు కొంత అక్కరకొచ్చేది. ఆ ప్రశ్నలు తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీ విడిచి, అందులో ఇమిడే మాట అడుగుతున్నారు. ఇంకో రకం ప్రశ్నలో ఒకే ఖాళీకి రెండు మాటలు ఎంచాలి, ఏది పెట్టినా వాక్యం భావం మారకూడదు. మాటకి అర్థం తెలిస్తే చాలదు, అది ఏ మాట పక్కన కుదురుకుంటుందో కూడా తెలియాలి.

ఇది మనకి తెలియని విద్యేమీ కాదు. కటిక చీకటి అంటాం, కటిక పేదరికం అంటాం, కటిక నేల మీద పడుకున్నాడంటాం. కటిక వెన్నెల అని పసిపిల్లలు కూడా అనరు. జోరు వాన ఉంది, జోరు మంచు లేదు. ఇవి ఏ పంతులుగారూ నేర్పలేదు, వింటూ పెరిగాం కాబట్టి వచ్చాయి. ఇంగ్లీషు మాటలకీ ఇలాంటి జతలే ఉంటాయి. నీ చీటీల్లో 'అబ్జెక్ట్' (abject) అనే మాట కింద 'హీనమైన' అని మాత్రమే ఉంది. దాన్ని నమ్ముకుని నాసిరకం సరుకుని 'అబ్జెక్ట్ క్వాలిటీ' అని రాస్తే చదివేవాడు అక్కడే ఆగిపోతాడు. ఆ మాట పావర్టీతో చేరుతుంది, టెర్రర్‌తో చేరుతుంది, ఫెయిల్యూర్‌తో చేరుతుంది. 'అబ్జెక్ట్ పావర్టీ అంటే మన కటిక పేదరికం' అని రాసుకో, ఇక చెరిపినా చెరగదు.

అర్థం ఒక్కటే తెలిస్తే చాలదనడానికి ఇంకో ఉదాహరణగా మన ఊరి సరుకునే తీసుకుందాం. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలో పెద్దవాటిలో ఒకటి. సీజన్లో యార్డు నిండా దిమ్మలే. ఆ బెల్లానికి ఇంగ్లీషు మాట జాగరీ, పంచదారకి షుగర్. రెండూ సంస్కృతంలోని శర్కర నుంచి వెళ్ళినవే. ఒకటి మన దక్షిణాది నోళ్ళ నుంచి పోర్చుగీసు వర్తకుల నోటికెక్కి జాగరీ అయింది. రెండోది పర్షియన్, అరబ్బీ భాషల మీదుగా ఐరోపా చేరి షుగర్ అయింది. ఖండశర్కరలోని ఖండమే క్యాండీ.

అదే శర్కర గ్రీకు, లాటిన్ దారిన వెళ్ళి 'శాకరిన్' అయింది. తీపికి వేసుకునే శాకరిన్ బిళ్ళ కాదు, దాని స్పెల్లింగు చివర 'ఈ' అక్షరం చేరిన విశేషణం. అర్థం 'తియ్యని' అని చీటీ మీద రాసుకుని, ఎవరి పాటనో మెచ్చుకుంటూ 'శాకరిన్ వాయిస్' అన్నావనుకో, అది పొగడ్త కాదు, వెగటు పుట్టించే తీపి అని చెప్పినట్టు. డిక్షనరీలో అర్థం దగ్గరే ఆగకుండా, కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు రెండైనా చదవమనేది ఇందుకే.

ఈ విషయంలో నీకు మన జిల్లాలోనే గురువున్నాడు. గురజాడ అప్పారావు 1862లో పుట్టింది ఎస్. రాయవరంలో. ఆయన నాటకం కన్యాశుల్కంలో గిరీశాన్నీ, అతని శిష్యుడు వెంకటేశాన్నీ ఇంగ్లీషులో మాట్లాడమని అడుగుతుంది వెంకటేశం తల్లి. ఇద్దరూ పిల్లల పాట ముక్క, రేఖాగణితం ముక్క, వ్యాకరణ సూత్రం ఒకదాని తర్వాత ఒకటి అప్పజెప్పేస్తారు. ఒక మాటకీ ఇంకో మాటకీ పొత్తు లేదు. నీ గోడ మీది చీటీలని వరసగా చదివితే అలాగే ఉంటుంది అమ్మడూ.

ఆ సన్నివేశం రాసిన మనిషికి ఇంగ్లీషు రాకనా? 1883లోనే, ఇరవయ్యేళ్ళ ప్రాయంలో, సారంగధర కథని ఇంగ్లీషు కావ్యంగా అచ్చు వేయించాడు. 1897లో కన్యాశుల్కం అచ్చయినప్పుడు దానికి ఇంగ్లీషులో పీఠిక రాశాడు. విజయనగరం ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో తయారు చేయించిన, డబ్బు పుచ్చుకుని పిల్లనిచ్చే శుల్క వివాహాల జాబితా అందులో ఉంది. మూడేళ్ళలో 1034 పెళ్ళిళ్ళు. పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. గుండె బరువెక్కే ఆ సంగతిని లెక్కలతో, సూటిగా చెప్పాడు. ఆ పీఠిక తెప్పించుకుని చదువు. పెద్ద మాట వచ్చినచోట ఆగి, అక్కడ దాని అవసరమేమిటో చూడు.

ఇక చేయాల్సిన పని. రోజుకి యాభై మానెయ్, ఐదు చాలు. న్యూజిలాండ్‌లో ఆవ్‌రిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు రకరకాల శాస్త్రాల పుస్తకాలు జల్లెడ పట్టి, చదువుల్లో తరచూ వచ్చే 570 పద కుటుంబాల (ఒక మాట, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) పట్టీ 2000లో ప్రకటించింది. ముందు అవి పూర్తి చెయ్యి, అమెరికాలో నీ క్లాసు పుస్తకాల్లో ఎదురయ్యేవి అవే. మాటకో పేజీ పెట్టు. పైన అది కనిపించిన వాక్యం, మధ్యన దానితో జత కట్టే మాటలు మూడు, అడుగున నీ సొంత వాక్యం. ఆ పేజీని మర్నాడు, వారానికి, నెలకి మళ్ళీ తిప్పు. తిప్పే ముందు అర్థం చేత్తో మూసి, గుర్తు తెచ్చుకో.

సంక్రాంతికి ఎలాగూ వస్తావు. అప్పటికి చెరకు గానుగాడుతూ ఉంటుంది, పెనంలో పాకం పొంగుతూ ఉంటుంది. ఆ గానుగ గట్టున కూర్చుని, చెరకు నరకడం మొదలుకుని దిమ్మ తయారయ్యే దాకా పది ఇంగ్లీషు వాక్యాల్లో రాయి. మాట దొరక్క ఆగినచోట గీత గీసి ఉంచు. మన ఇంట్లోని శంకరనారాయణ ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ అట్ట ఊడింది గాని పేజీలన్నీ ఉన్నాయి. సాయంత్రం ఆ గీతల దగ్గర కూర్చుందాం.

ఆశీస్సులతో,
పెదనాన్న
అనకాపల్లి