పెంపుడు కోడికి కుక్కకాటు: ఇంటి చికిత్స, దాని హద్దు

2023వ సంవత్సరము కార్తీక మాసమున ఒకనాటి ఉదయము, రాజమహేంద్రవరములో మా వీధి చివరి ఇంటి పదేండ్ల బాలిక తువ్వాలులో చుట్టిన తన పెంపుడు కోడిపెట్టను తెచ్చి మా అరుగుమీద ఉంచినది. వీధికుక్క దొడ్డిగోడ దూకి వచ్చి దానిని నోట కరచుకొని పోవుచుండగా ఇంటివారు కేకలు వేసి విడిపించిరట. వెనుకనే వచ్చిన తల్లి, "మామయ్యగారూ, మనుషుల వైద్యం కోడికి పనికొస్తుందో రాదో నాకు తెలియదు. మీ దగ్గరికే వెళ్దామని పిల్ల ఒకటే ఏడుపు" అన్నది.

తువ్వాలు విప్పగా వీపుమీద అరచేయి వెడల్పున చర్మము లేచిపోయి ఎర్రని కండ కనిపించుచుండెను. చూచువారి గుండె జారుట సహజము. నేను మాత్రము ఎడమ రెక్క ఎత్తి చూచితిని. ఈకల చాటున మినపగింజంత రంధ్రములు రెండు ఉండెను. వానినుండి రక్తము కూడ కారుట లేదు. ఈ కోడి ప్రాణమునకు ముప్పు వీపుమీది పెద్ద గాయముకంటె ఈ చిన్న రంధ్రములవలననే ఎక్కువని నాకు తోచినది. ఆ సంగతి నేను గ్రంథము చదివి నేర్చుకొనలేదు, ఒక తప్పు చేసి నేర్చుకొంటిని.

నేను చేసిన తప్పు

1982వ సంవత్సరమున నేను కోనసీమలో గురువుగారి ఇంట ఉండి విద్య నేర్చుకొనుచుంటిని. ఒక రాత్రి గంపక్రింది కోడిని పిల్లి పట్టినది. గురువుగారు పొరుగూరు వెళ్లియుండిరి. మెడ మొదట నాలుగు పంటిగాట్లు తప్ప మరేమియు లేదు. నేను పసుపు, వేపాకు కలిపి మెత్తగా నూరి, ఆ ముద్దను గాట్లపై దట్టముగా మెత్తి గుడ్డ కట్టితిని. సాయంకాలమునకు కోడి నాలుగు గింజలు తిన్నది. నా వైద్యము ఫలించినదని పొంగిపోయితిని. మూడవనాటి తెల్లవారుజామున అది గంపక్రింద చచ్చి పడియుండెను.

గురువుగారు తిరిగివచ్చి అంతయు విని, "పిల్లి కరిచిందని తెలిసీ పైన మూత పెట్టావా నాయనా? లోపలి దోషం బయటికి రావడానికి దారేది?" అని మాత్రము అడిగిరి. నేను మూత వేయకున్నచో ఆ కోడి బ్రతికియుండునని నేడు కూడ చెప్పలేను. కాని ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

శాస్త్రము ఏమి చెప్పుచున్నది?

సుశ్రుతాచార్యుడు చికిత్సాస్థానమున ఆగంతు వ్రణములను ఆరు విధములుగా విభజించెను. తెగినది ఛిన్నము. మొన లోపలి ఆశయమువరకు దిగినది భిన్నము. ఆశయములను చేరక సన్నని మొనతో గ్రుచ్చుకొన్నది విద్ధము. మిక్కిలి తెగక, మిక్కిలి గ్రుచ్చుకొనక రెండింటి లక్షణములు కలది క్షతము. నలిగినది పిచ్చితము. గీరుకొన్నది ఘృష్టము. మా అరుగుమీది కోడికి వీపున ఛిన్నము, రెక్కక్రింద విద్ధము కలవు. కుక్క దవడలతో నొక్కి విదిలించును గనుక పైకి కనబడని పిచ్చితము కూడ ఉండవచ్చును. ఒకే కాటులో మూడు వ్రణములు! అందుచేత ఒకే లేపనముతో అన్నియు మానునని ఆశించుట అవివేకము.

మరియొక విశేషము. కల్పస్థానమున సుశ్రుతుడు కోరలయందు, గోళ్లయందు విషము కల జంతువులను చెప్పుచు పిల్లిని, కుక్కను కూడ చేర్చెను. నేటి విజ్ఞానము దీనిని సూక్ష్మజీవుల పేరున చెప్పుచున్నది. పిల్లి నోటియందు సాధారణముగా ఉండు పాశ్చురెల్లా మల్టోసిడా అను సూక్ష్మజీవియే కోళ్లకు వచ్చు కలరా వ్యాధికి కూడ కారణము. ఫ్రాన్సు దేశపు లూయీ పాశ్చర్ 1880 ప్రాంతమున టీకా విషయమై పరిశోధించినది ఈ వ్యాధిమీదనే. అది రక్తమున చేరినచో పక్షి ఒకటి రెండు దినములలోనే మరణింపవచ్చును. నా గురువుగారింటి కోడికి జరిగినది బహుశః ఇదియే. అట్టి స్థితిలో పసుపు ముద్ద చేయగలిగినది ఏమియు లేదు.

మొదటి పది నిమిషములు

గాయపడిన కోడి మొదట భయమువలనను, చలివలనను కృశించును. కోడి శరీరపు సహజమైన వేడి సుమారు 41 డిగ్రీల సెల్సియస్. మనకు వెచ్చగా తోచినది దానికి చల్లనిదే. కావున దానిని మెత్తని గుడ్డలో చుట్టి, గాలి ఆడు అట్టపెట్టెలో, చీకటిగా, నిశ్శబ్దముగా ఉంచవలెను. గోరువెచ్చని నీటి సీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన పెట్టవచ్చును. పిల్లలు చుట్టు మూగి ముద్దులాడుట అప్పటికి మంచిది కాదు.

పట్టుకొనునప్పుడు రొమ్మును అదిమి పట్టకూడదు. పక్షికి మనవలె ఊపిరి నడుపు ఉదరవితానము లేదు. రొమ్ము ఎముక కదలినప్పుడే గాలి లోనికి పోవును. భయపడి గట్టిగా హత్తుకొన్న చేతులలోనే ఊపిరాడక కోడి పోవచ్చును.

రక్తము కారుచున్నచో శుభ్రమైన గుడ్డను దానిపై ఉంచి, మధ్యలో ఎత్తి చూడక 5 నిమిషములు మెల్లగా నొక్కి పట్టవలెను. గోరు విరిగి రక్తము వచ్చినచో మొక్కజొన్న పిండి అద్దవచ్చును. లోతైన గాయములలో ఏ పొడియు కూరకూడదు. కాఫీపొడి, బూడిద, కిరోసిన్, కర్పూరతైలము వాడుట మన ఇండ్లలో కలదు. అవి మానవలెను.

ముక్కు పట్టి తెరచి నోట నీరు పోయకూడదు. శ్వాసనాళద్వారము నాలుక మొదటనే ఉండుటచే నీరు ఊపిరితిత్తులలోనికి పోవును. తేరుకొని తానుగా త్రాగువరకు ఆగవలెను. మనుష్యులకు వాడు నొప్పిమాత్రలు ఎంత చిన్న ముక్కయైనను ఇయ్యకూడదు.

శోధనము ముందు, రోపణము తరువాత

వ్రణచికిత్సకు మూలసూత్రము ఇదియే. మొదట శుభ్రపరచవలెను, పిదప మాన్పవలెను. ఒక లీటరు నీటిని బాగుగా మరగించి, 9 గ్రాముల ఉప్పు, అనగా తలకట్టుగా కొలిచిన చిన్న చెంచాతో ఒకటిన్నర చెంచాలు కలిపి, గోరువెచ్చగా చల్లార్చవలెను. గాయము చుట్టునున్న ఈకలను కత్తెరతో కత్తిరింపవలెనే గాని పీకకూడదు. పీకినచో చిరిగిన చర్మము మరింత చిరుగును, క్రొత్త ఈకల మొదళ్లనుండి రక్తము కారును. సూది లేని 20 మిల్లీలీటర్ల సిరంజితో ఉప్పునీటిని పైగాయముపై ధారగా పోసి, మట్టి, ఈకతునకలు కొట్టుకొనిపోవువరకు కడుగవలెను.

ఇచ్చట ఒక గట్టి హెచ్చరిక. రెక్కక్రింద, వీపున, పొట్టప్రక్కల ఉన్న లోతైన రంధ్రములలోనికి నీటిని చిమ్మకూడదు. పక్షి దేహమున ఊపిరితిత్తులకు తోడుగా గాలితిత్తులు వ్యాపించియున్నవి. రంధ్రము వానివరకు పోయినచో మనము పోసిన నీరే దానిని ముంచివేయును. సుశ్రుతుడు విద్ధమును, భిన్నమును వేరుచేసి చెప్పుటలోని ప్రయోజనము ఇచ్చట స్పష్టమగును. అట్టి రంధ్రముల అంచులను మాత్రము తడిగుడ్డతో తుడిచి, మూయక విడిచి, వైద్యశాలకు తీసుకొనిపోవలెను.

ఆనాడు నేను చేసినది ఇంతే. వీపు కడిగి, తడిగుడ్డ కప్పి, గంటలోపల తల్లీబిడ్డలను పశువైద్యశాలకు పంపితిని. బాలిక కన్నీళ్లతో, "మీకు చేతకాదా తాతగారూ?" అన్నది. "చేతనైనది చేశానమ్మా. ఆ చిన్న గాట్ల పని వాళ్లది" అంటిని. నలుబది ఏండ్ల క్రితము ఆ మాట అనుటకు నాకు మనసు వచ్చెడిది కాదు.

పశువైద్యులు గాట్లను పరీక్షించి సూక్ష్మజీవనాశక ఔషధమును, నొప్పి తగ్గుటకు మందును ఇచ్చిరి. వీపు చర్మమునకు కుట్లు వేయలేదు. కాటుగాయమును వెంటనే కుట్టి మూసినచో లోపల చీము పట్టునని వారు చెప్పగా, గురువుగారి ప్రశ్న నాకు మరల వినిపించినది.

తరువాతి దినములలో చేసిన సేవ

వీపుమీది గాయము మా చేతికి వచ్చినది. దినమునకు రెండుమారులు ఉప్పునీటితో కడిగించితిని. రెండవనాటినుండి ఉదయమున త్రిఫలా కషాయమును వాడితిమి. 15 గ్రాముల త్రిఫలా చూర్ణమును 240 మిల్లీలీటర్ల నీటిలో కాచి, 60 మిల్లీలీటర్లు మిగులునట్లు చేసి, రెండు మడతల గుడ్డలో వడగట్టి, చల్లారిన పిదప గాయమును తుడుచుటకు వాడవలెను. ఏనాటికానాడు క్రొత్తగా కాచవలెను.

తడి ఆరిన పిదప స్వచ్ఛమైన తేనెను పలుచగా పూసి గాజుగుడ్డ కప్పితిమి. తేనె శోధనమును, రోపణమును రెండును చేయును. అది చీమలను, ఈగలను పిలుచును గనుక కప్పకుండ విడువరాదు. వంటింటి పసుపు అంగడిలో ఏమి కలిసి వచ్చినదో తెలియదు. దానిని పచ్చి కండపై చల్లకూడదు.

జాత్యాది తైలము వ్రణములకు ప్రసిద్ధమైనది గదా, అది పూయవచ్చునా అని కొందరు అడుగుదురు. అందు తుత్థము, అనగా మైలుతుత్తము కలదు. కోడి తన గాయమును తానే ముక్కుతో పొడుచుకొనును. పూసిన మందు కడుపులోనికి పోవును. పైగా నూనె అంటిన ఈకలు దేహపు వేడిని నిలుపలేవు. కావున కోడికి నేను దానిని వాడను.

ఈగలవలన కలుగు ముప్పు తక్కువ కాదు. బియ్యపు రవ్వవలె తెల్లని గ్రుడ్లు గాయపు అంచున కనిపించినచో ఆనాడే తీసివేయవలెను. ఒక దినములోనే అవి పురుగులగును. పెట్టెపై దోమతెర కప్పి, క్రింద పరచిన గుడ్డను పూటపూటకు మార్చవలెను. తక్కిన కోళ్లతో కలుపకూడదు. ఎర్రని కండ కనిపించినచో అవియే పొడిచి చంపును. ఆహారముగా మెత్తని నూకల జావ, రాగిజావ, ఉడికించిన గ్రుడ్డు కొద్దిగా ఇయ్యవచ్చును.

ఈ లక్షణములు కనిపించినచో ఆలస్యము వలదు

పిల్లి లేక ముంగిస పంటిగాటు ఎంత చిన్నదైనను, గాయమునుండి బుడగలు వచ్చినను, చర్మము ఉబ్బి నొక్కినప్పుడు చిటపటలాడినను, ముక్కు తెరచి రొప్పుచున్నను, మేతతిత్తి చిరిగి మేత బయటికి వచ్చినను, తురాయి నీలిరంగుకు తిరిగినను, గాయము కంపు కొట్టినను, ఒక దినమంతయు మేత ముట్టకున్నను వెంటనే పశువైద్యునికి చూపవలెను. వారు మందు ఇచ్చినచో, ఎన్ని దినములవరకు ఆ కోడి గ్రుడ్లు తినకూడదో తప్పక అడిగి తెలిసికొనవలెను.

ఇంటివారి రక్షణ కూడ ముఖ్యము. పిచ్చికుక్క వ్యాధి పాలిచ్చు జంతువులది. కోడినుండి మనకు వచ్చునను భయము లేదు. కాని కుక్క చొంగ తడిసిన ఈకలు మన చేతిమీది పుండునకో, గాటునకో తగిలినచో, విడిపించునప్పుడు కుక్క పన్ను గీరుకొన్నచో, సబ్బుతో ధారనీటి క్రింద 15 నిమిషములు కడుగుకొని, ఆనాడే ఆసుపత్రికి పోయి టీకా విషయము అడుగవలెను. మా వీధి బాలిక తండ్రి మణికట్టున గీత ఒకటి ఉండెను. కోడి హడావిడిలో ఆయన దానిని ఎవరికిని చెప్పలేదు. నేను చూచి పంపితిని. ఆయన టీకాలన్నియు వేయించుకొనెను.

పదిదినములకు రెక్కక్రింది గాట్లు చీము లేక ఎండినవి. ఆరు వారములకు వీపు చర్మము కలిసినది. ఈకలు మాత్రము సంక్రాంతి దాటిన పిదపనే పూర్తిగా వచ్చినవి. ఆ బాలిక నేడును కోడిని ఎత్తుకొన్నప్పుడెల్ల ముందు రెక్కలెత్తి చూచును. పాఠకులు కూడ ఆ అలవాటు చేసికొందురు గాక. పెద్ద గాయము తానే కనిపించును. చిన్నదానిని మనము వెదకి చూడవలెను.