గీత చెప్పిందే రాయండి

ఇంగ్లీషు పరీక్షలో ఓ గ్రాఫ్ ఇచ్చి 150 పదాల్లో వివరించమంటే మన పిల్లలు ముందు భాషను తలచుకునే భయపడతారు. కరీంనగర్‌లో చదివినా, ఆసిఫాబాద్ నుంచి వచ్చినా, తెలుగు మీడియమైనా ఇంగ్లీషు మీడియమైనా ఆ భయం ఒకటే. వాళ్లు రాసిన జవాబులు చదివితే మాత్రం తడబాటు అంతకంటే ముందే మొదలైందని తెలిసిపోతుంది. ప్రశ్న కనబడగానే రాయడం మొదలుపెట్టేశారు. బొమ్మలో ఏముందో నిదానంగా చూడలేదు. చూసినదాంట్లో ఏది ముఖ్యమో తేల్చుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చూడటం, అందులో ముఖ్యమైనది ఏరి చెప్పడం, సొంత అభిప్రాయాన్ని కాసేపు ఆపి ఉంచడం మనిషి స్వభావానికి సంబంధించిన సంగతులు. గ్రాఫ్ ప్రశ్న మన భాషతో పాటు ఈ స్వభావాన్నీ పరీక్షిస్తుంది. అందుకే దాన్ని కోచింగ్ సెంటర్‌కు వదిలేయకుండా వ్యక్తిత్వానికి సంబంధించిన సాధనగా చూడాలని నా గట్టి నమ్మకం.

ఒక తరం కిందట ఈ జిల్లాల నుంచి దుబాయ్, మస్కట్, సౌదీ వెళ్లిన కూలీలకు ఇంగ్లీషు పరీక్ష అడ్డు రాలేదు. పాస్‌పోర్టు, వీసా, ఏజెంటుకు కట్టే డబ్బు సమకూరితే బయల్దేరేవారు. ఇప్పుడు వాళ్ల పిల్లలు బీటెక్ ముగించి మాస్టర్స్ కోసం బ్రిటన్, ఆస్ట్రేలియా, ఐర్లాండ్ వైపు చూస్తున్నారు. ఆ దారిలో ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ పరీక్ష ఎదురవుతుంది. రైటింగ్‌కు గంట సమయం. అందులో రెండు టాస్కులు. మొదటిది గ్రాఫో, బార్ చార్టో, పై చార్టో, పట్టికో, మ్యాపో, ఏదైనా తయారీ విధానపు బొమ్మో ఇచ్చి కనీసం 150 పదాల్లో వివరించమంటుంది. దానికి 20 నిమిషాలు సరిపెట్టుకుని, మిగతా 40 నిమిషాలు 250 పదాల వ్యాసానికి ఉంచుకోమని సూచిస్తారు. వ్యాసానికి రెట్టింపు మార్కుల బరువు. పీటీఈ అకడమిక్ అనే మరో ఇంగ్లీషు పరీక్షలో ఇదే పని నోటితో చేయాలి. బొమ్మ చూసుకోవడానికి 25 సెకన్లు, చెప్పడానికి 40 సెకన్లు.

విదేశాలకు వెళ్లని వారికీ ఇది తప్పదు. మన ఇంటర్మీడియట్ ఇంగ్లీషులో బార్ చార్టునో, పై చార్టునో పేరాగా మార్చి రాయమనే ప్రశ్న ఉంటుంది. అక్కడ మార్కులు సులువుగా వస్తాయన్న ధీమాతో దాన్ని బట్టీ పట్టి దాటేస్తారు. నాలుగేళ్ల తర్వాత అదే ప్రశ్న పెద్ద పరీక్షలో ఎదురైనప్పుడు పునాది లేదని తెలుస్తుంది.

దిద్దేవారు ఏం చూస్తారో దాచిపెట్టిన రహస్యం కాదు. ఐఈఎల్‌టీఎస్ తన బ్యాండ్ (మార్కుల స్థాయి) ప్రమాణాలను బహిరంగంగానే ప్రచురించింది. వాటి ప్రకారం 5వ బ్యాండ్ దగ్గర ఆగిపోయే జవాబు వివరాలను యాంత్రికంగా ఒకదాని తర్వాత ఒకటి ఏకరువు పెడుతుంది, మొత్తం చిత్రం ఏమిటో స్పష్టంగా చెప్పదు. 7వ బ్యాండ్ జవాబు ప్రధానమైన పోకడలను, తేడాలను స్పష్టంగా పైకి తీసి చూపిస్తుంది. ఈ రెండింటి మధ్య దూరాన్ని వ్యాకరణం ఒక్కటే పూడ్చలేదు. ఏది పెద్దది, ఏది చిన్నది అని మనసులో ముందే తేల్చుకోవాలి.

మాటల్లో చెబితే తేలిగ్గానే ఉంటుంది కాబట్టి మన ఆదిలాబాద్ పత్తినే తీసుకుందాం. కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర, పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 2021-22లో రూ.6,025. ఆ తర్వాతి నాలుగు సీజన్లలో వరుసగా రూ.6,380, రూ.7,020, రూ.7,521, రూ.8,110. మధ్యరకం పింజకు అవే ఐదు సీజన్లలో రూ.5,726, రూ.6,080, రూ.6,620, రూ.7,121, రూ.7,710. ఒక కాగితం మీద రెండు గీతలు గీయండి. ఇప్పుడు దీన్ని వివరించమంటే చాలామంది రాసేది ఇలా ఉంటుంది: 2021-22లో ఇంత, 2022-23లో ఇంత, 2023-24లో ఇంత... పది అంకెలూ వరుసగా దించేస్తారు. పట్టికలో ఉన్నదాన్నే వాక్యాలుగా రాసినందువల్ల చదివేవాడికి కొత్తగా తెలిసిందేమీ లేదు.

పెన్ను పక్కన పెట్టి ఆ రెండు గీతలను రెండు నిమిషాలు చూడండి. రెండూ ప్రతి సీజన్‌లోనూ పైకే వెళ్లాయి, ఒక్కసారీ దిగలేదు. పొడవు పింజ గీత మొదటి నుంచి చివరిదాకా పైనే ఉంది. మొత్తం చిత్రం అంతే. దాన్ని ఒకటి రెండు వాక్యాల్లో అంకెలు లేకుండా రాస్తే జవాబుకు వెన్నెముక వచ్చినట్టే. ఆ తర్వాత వివరాలు ఏరుకోవాలి. పొడవు పింజ ధర ఐదు సీజన్లలో రూ.2,085 పెరిగింది, అంటే మూడోవంతుకు కాస్త ఎక్కువ. అతి పెద్ద పెంపు 2023-24లో, రూ.640. అతి చిన్నది 2022-23లో, రూ.355. ఇంకాస్త నిదానంగా చూస్తే మరో సంగతి బయటపడుతుంది. రెండు రకాల మధ్య తేడా మొదటి రెండు సీజన్లలో దాదాపు రూ.300. 2023-24లో అది రూ.400 అయింది, తర్వాత అక్కడే ఉండిపోయింది. ఈ ముక్క పట్టుకున్న విద్యార్థి పది అంకెలూ దించిన విద్యార్థి కంటే ఎంతో ముందున్నాడు. అతనికి దొరికింది పోలిక. టాస్క్ వాక్యంలో అడిగేదీ అదే, తగిన చోట పోల్చి చెప్పమని.

అసలు కష్టం ఇక్కడే ఉంది. పత్తి పండించే ఇంటి పిల్లవాడికి ఈ గీతల వెనుక ఉన్న కథంతా తెలుసు. మద్దతు ధర ఎంత ప్రకటించినా తేమ 8 శాతం దాటితే పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కోత పెడుతుందని, 12 శాతం దాటితే కొనదని తెలుసు. వాన పడ్డ వారం మార్కెట్ యార్డులో ట్రాక్టర్ల వరుస తెలుసు. విత్తనం ఖర్చు, ఏరే కూలి, అప్పు వడ్డీ అన్నీ తెలుసు. చెయ్యి ఊరుకోదు. ధర పెరిగినా రైతుకు లాభం లేదు, దీనికి కారణం ఫలానా అని రాసేస్తాడు. రాసినది అక్షరాలా నిజం కావచ్చు. కానీ ఆ గ్రాఫ్‌లో అది లేదు. గ్రాఫ్ కారణం చెప్పనప్పుడు మనం చెప్పకూడదు. బాగా తెలిసినవాడే ఎక్కువ నిగ్రహం పాటించాల్సిన చోటు ఇది. ఆ బాధ, ఆ వాదన వ్యర్థం కావు. రెండో టాస్క్ వ్యాసంలో అభిప్రాయం అడిగినప్పుడు వాటికి తావుంది. ఏ మాట ఎక్కడ చెప్పాలో తెలిసిన మనిషి మాటకు విలువ పెరగడం మన చుట్టూ రోజూ చూస్తున్నదే.

అంకెలు మరో రకంగానూ మోసపుచ్చుతాయి. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి కరీంనగర్ జిల్లా జనాభా 34.92 లక్షలు, 2011లో 37.76 లక్షలు. ఉమ్మడి ఆదిలాబాద్‌లో 24.88 లక్షల నుంచి 27.41 లక్షలు. ఏ జిల్లా ఎక్కువ పెరిగింది? మనుషుల సంఖ్యలో చూస్తే కరీంనగర్, దాదాపు 2.84 లక్షలు. వేగంలో చూస్తే ఆదిలాబాద్, కరీంనగర్ 8 శాతం పెరిగితే ఇది 10 శాతం. రెండు జవాబులూ సరైనవే. దేన్ని కొలుస్తున్నామో చెప్పకుండా ‘ఎక్కువ పెరిగింది’ అని రాస్తే మాత్రం రెండూ తప్పే. అక్షరాస్యతలో అయితే ఇంకా జాగ్రత్త కావాలి. ఆ పదేళ్లలో ఆదిలాబాద్ 52.68 శాతం నుంచి 61.01 శాతానికి వచ్చింది. దీన్ని 8.33 శాతం పెరుగుదల అని రాయకూడదు. అది 8.33 శాతం పాయింట్ల పెరుగుదల. శాతంలో లెక్కిస్తే 15కు పైనే. పర్సంటేజ్ పాయింట్స్ అనే ఈ మాటను ఇంజినీరింగ్ చదివినవారు కూడా వదిలేస్తుంటారు. పేపర్లలో శీర్షికలు రాసేవారూ వదిలేస్తుంటారు, వాళ్లను చూసి మనం నేర్చుకోకూడదు.

భాష విషయానికి వస్తే ఒక్క చోట మాత్రం నిజంగానే ఆగి నేర్చుకోవాలి. ‘రోజ్ బై’ అంటే అంత మేరకు పెరిగిందని, ‘రోజ్ టు’ అంటే అక్కడికి చేరిందని. ధర రూ.640 పెరిగింది, రూ.7,020కి పెరిగింది. తెలుగులో ‘కి’ ఒక్కటి చేర్చి ఈ తేడాను మనం ఆలోచించకుండానే పలుకుతాం. ఇంగ్లీషులో బై, టు తారుమారు చేస్తే అంకె అర్థమే మారిపోతుంది, క్వింటాలు ధర ఒక్క సీజన్‌లో రూ.7,020 పెరిగిపోయినట్టవుతుంది. ఇలాంటివి నాలుగైదు పట్టుబడితే చాలు. దానికి బదులు ‘స్కైరాకెటెడ్’, ‘ప్లమ్మెటెడ్’ లాంటి భారీ మాటల జాబితాలు బట్టీ పట్టి, రెండు రూపాయల పెంపుకూ వాడేస్తారు. బట్టీ పట్టిన వాక్యాలను దిద్దేవారు ఇట్టే గుర్తుపడతారు. అలాంటి వాక్యం మార్కు తేదు, సమయం మింగుతుంది.

గ్రాఫ్‌ను చక్కగా వివరించేవారు ఎలా ఉంటారో చూడాలంటే ఉట్నూరు వైపు ఏ గూడెం అంగన్‌వాడీకైనా వెళ్లండి. ప్రతి నెలా పిల్లలను తూకం వేసి, వయసుకు తగ్గ బరువు చూపే చార్టులో టీచర్ చుక్క పెడుతుంది. చుక్కలు కలిపితే గీత. ఆకుపచ్చ పట్టీలో ఉంటే పిల్ల బాగున్నట్టు, పసుపులోకి జారితే ఉండాల్సినదానికంటే బరువు తక్కువున్నట్టు, ఇంకా కిందకు దిగితే ప్రమాదం. ఆ గీత చూపిస్తూ తల్లితో ఆమె అనే మాట ఇలా ఉంటుంది: “రెండు నెలల సంది బిడ్డ బరువు పెరుగుతలేదమ్మా. చూడు, గీత అడ్డంగనే పోతాంది.” కిలోలు, గ్రాములు ఆ తర్వాత చెబుతుంది. ముందు పోకడ చెప్పింది, ఆ వెంట గీతను సాక్ష్యంగా చూపించింది. ఎవరినీ నిందించలేదు, తిండి పెట్టడం లేదా అని నిలదీయలేదు. ఇంకో గొప్ప సంగతి ఉంది. ధరల గ్రాఫ్‌లో గీత అడ్డంగా సాగితే నిలకడ అంటాం. ఎదగాల్సిన పిల్ల బరువు గీత అడ్డంగా సాగితే అది ఆందోళన. కింద ఏముంది, పక్కన ఏముంది అన్నది చదవకుండా గీతను చదవలేమని ఆ టీచర్‌కు బాగా తెలుసు. మన పరీక్ష రాసేవారిలో చాలామంది ఆ అక్షాల పేర్లు, కొలమానం, సంవత్సరాలు చూడకుండానే వాక్యం మొదలుపెడతారు. లక్షల్లో ఉన్న దాన్ని వేలల్లో రాసిన జవాబులు అలాగే పుడతాయి.

ఈ పద్ధతి అబ్బినవారికి పరీక్ష హాలు బయట కూడా అది అక్కరకొస్తుంది. రామగుండం ప్లాంటులో షిఫ్టు మారేటప్పుడు వచ్చేవారికి అప్పగించే సమాచారం, బ్యాంకులో చిన్న వ్యాపారి తన అమ్మకాల లెక్క చూపించి అప్పు అడగడం, ఇంటర్వ్యూలో నీ ప్రాజెక్టు ఏం చెప్పిందని అడిగితే ఇచ్చే జవాబు, అన్నీ ఒకే కోవలోవి. ముందు ముఖ్యమైనది, తర్వాత ఆధారం, అడిగితేనే అభిప్రాయం. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు కూడా ఇది పనికొస్తుంది. “నువ్వెప్పుడూ ఇంతే” అనేది అభిప్రాయం. “ఈ నెలలో మూడుసార్లు ఆలస్యంగా వచ్చావు” అనేది చూసిన విషయం. రెండో మాటకు జవాబు దొరుకుతుంది, మొదటి మాటకు గొడవ దొరుకుతుంది.

సాధనకు ఖరీదైన పుస్తకాలు కొనక్కర్లేదు. వానాకాలంలో మన జిల్లా పేజీలు తిరగేస్తే శ్రీరాంసాగర్ నీటిమట్టం రోజూ ఉంటుంది, పూర్తి మట్టం 1,091 అడుగులు. కడెం పూర్తి మట్టం 700 అడుగులు, లోయర్ మానేరు 920 అడుగులు. వారం రోజుల అంకెలు రాసుకుని గీత గీయండి. ఆ గీత ఏం చెబుతోందో ముందు తెలుగులో, ఇంట్లో ఎవరికైనా రెండు వాక్యాల్లో చెప్పండి. విన్నవారికి అర్థమైతేనే ఇంగ్లీషులోకి దిగండి. ఎగువన మహారాష్ట్రలో వాన పడ్డందువల్ల అని కారణం చెప్పబోయి ఆగండి, మీ గీతలో మహారాష్ట్ర లేదు. ఇంటి కరెంటు బిల్లు, పాల కేంద్రం చిట్టీ, సింగరేణి నెలవారీ ఉత్పత్తి లెక్క, ఏదైనా పనికొస్తుంది. ఇంగ్లీషులో రాశాక ఒకసారి గట్టిగా చదివి, ప్రతి వాక్యం కింద వేలు పెట్టి, ఇది బొమ్మలో ఎక్కడుందని అడగండి. చూపించలేని వాక్యాన్ని కొట్టేయండి.

పరీక్ష తేదీ ఖాయమయ్యాక మొదలుపెడదామని ఆగవద్దు. ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉంటే వాళ్లనూ కూర్చోబెట్టుకోండి. రేపు పేపర్ రాగానే ఏదో ఒక పట్టిక కత్తిరించి, 20 నిమిషాలు గడియారం పెట్టుకుని రాయండి. అందులో మొదటి మూడు నిమిషాలు పెన్ను ముట్టకండి.