అసలు కాగితం మీద నకిలీ బిళ్ళ

తపాలా బిళ్ళల సేకరణని హాబీలలో రారాజు అంటారు. ఆ రారాజుకీ దొంగల బెడద తప్పలేదు. ముతక కాగితం, అలుక్కుపోయిన అచ్చు ఉన్న నకిలీలు భూతద్దానికి ఇట్టే దొరికిపోతాయి. నన్ను భయపెట్టేది జీన్ డి స్పెరాటీ (1884–1957) పద్ధతి.

ఇటలీలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన స్పెరాటీ, అరుదైన బిళ్ళ ఏ కాలపుదో ఆ కాలపు చవక బిళ్ళనే తీసుకునేవాడు. రసాయనాలతో బొమ్మని చెరిపేసి, తపాలా ముద్రని మాత్రం ఉంచేవాడు. దానిపై ఖరీదైన బిళ్ళ బొమ్మని ఫోటో సాయంతో అచ్చువేసేవాడు. కాగితం అసలుదే, ముద్రా అసలుదే! ఇక అనుమానం ఎక్కడ పుడుతుంది?

1942లో అతడు పోర్చుగల్‌కు పంపిన బిళ్ళలు కస్టమ్స్ వారి చేతిలో పడ్డాయి. నిపుణులు అవి అసలువేనని భారీ విలువ కట్టారు. చివరికి అవి తన చేతి పనేనని స్పెరాటీయే చెప్పుకోవలసి వచ్చింది! 1954లో బ్రిటిష్ ఫిలాటెలిక్ అసోసియేషన్ అతని సరుకునంతా కొనేసింది, ఇక అంగడికి రాకుండా.

మరి మనకి దారేది? ఒకే నమూనా నుంచి తీసిన నకిలీలన్నిటిలోనూ ఆ నమూనాలోని చిన్న మచ్చలే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. కనుక బిళ్ళని ఒంటరిగా చూడకండి. తెలిసిన నకిలీల చిత్రాలతో పోల్చండి. కాగితాన్నే కాదు, సిరానీ, అచ్చు పద్ధతినీ పరీక్షించండి. ఖరీదైనదైతే నిపుణుల ధ్రువపత్రం అడగండి. బిళ్ళ చరిత్రకి సాక్షి. దొంగ సాక్షిని ఆల్బంలో కూర్చోబెడితే పోయేది డబ్బొక్కటే కాదు, చరిత్ర కూడాను.